దూరవిద్యలో చేరబోయేవారికి: గుర్తింపు, గంటల లెక్క, అసైన్‌మెంట్లు, గడువులు

1. గోదారి_గట్టు

నమస్కారమండీ. ఇంటర్ తర్వాత పనిలో పడి చదువు ఆగిపోయినవాళ్లు డిగ్రీ చేయాలంటే దూరవిద్యలో చేరమంటున్నారు. ఒకరు ఓపెన్ డిగ్రీ అంటారు, ఒకరు కరస్పాండెన్స్ అంటారు, ఫోన్‌కి వచ్చే ప్రకటనల్లో ఆన్‌లైన్ డిగ్రీ అంటారు. ఇవన్నీ ఒకటేనా? వారానికి ఎంతసేపు చదవాలి? ఎక్కడ దెబ్బతింటారు? తెలిసినవారు మొదటినుంచి చెప్పగలరు.

2. లెక్కల_పంతులు

ఒకటి కాదండీ. వరసగా చూద్దాం.

కరస్పాండెన్స్ అన్నది పాత పద్ధతి. మన దేశంలో 1962లో ఢిల్లీ యూనివర్సిటీ మొదలుపెట్టింది. రెగ్యులర్ కాలేజీ సిలబస్‌నే నోట్సుగా అచ్చువేసి పోస్టులో పంపేవారు, ఏడాది చివర పరీక్ష పెట్టేవారు. ఈ పేరుతో ఇప్పుడు డిగ్రీలేమీ నడవడం లేదు, జనం నోట మాట మాత్రం మిగిలింది.

ఓపెన్ యూనివర్సిటీ అంటే దూరవిద్య కోసమే పుట్టిన యూనివర్సిటీ. దేశంలో మొదటిది మన దగ్గరే వచ్చింది. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో మొదలై, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అయింది. దానికి మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి గారు. 1985లో కేంద్రం ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. అంటే ఇవాళ దేశమంతా నడుస్తున్న పద్ధతికి తొలి నమూనా హైదరాబాద్‌లో తయారైంది. ఈ సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక ఇప్పటి లెక్క. 2020లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనలు రెండు దారులు చూపిస్తాయి. ఒకటి సార్వత్రిక, దూరవిద్య పద్ధతి: పుస్తకాలు, స్టడీ సెంటరు, పరీక్షా కేంద్రంలో పరీక్ష. రెండోది ఆన్‌లైన్: పాఠాలు, చర్చలు, మదింపు అన్నీ పోర్టల్‌లో, పరీక్ష నిఘా మధ్య. యూనివర్సిటీకి ఏ దారిలో ఏ కోర్సుకు అనుమతి ఉందో విడివిడిగా ఉంటుంది. ఒకదానికి అనుమతి ఉందంటే రెండోదానికీ ఉన్నట్టు కాదు.

ఇంకొక తేడా తెలుసుకోవాలి. రాష్ట్ర యూనివర్సిటీ దూరవిద్యను తన రాష్ట్రం దాటి నడపకూడదు. ఆన్‌లైన్ పద్ధతికి ఆ హద్దు లేదు. ఇగ్నో కేంద్ర యూనివర్సిటీ కాబట్టి దేశమంతా ఉంటుంది. మనకు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. కాబట్టి వేరే రాష్ట్రపు యూనివర్సిటీ పేరుతో మీ ఊళ్లో స్టడీ సెంటరు బోర్డు కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

3. నల్లమల_నీడ

పంతులుగారు చెప్పినదానికి గుర్తింపు సంగతి కలుపుతాను. డబ్బులు కట్టాక చూసుకునే విషయం కాదిది.

యూజీసీలో దూరవిద్యా విభాగానికి డీఈబీ అని పేరు. దాని వెబ్‌సైట్లో ఏ యూనివర్సిటీకి, ఏ విద్యా సంవత్సరానికి, ఏ సెషన్‌కు, ఏ కోర్సుకు అనుమతి ఉందో జాబితా ఉంటుంది. ఏటా రెండు సెషన్లు: జనవరి-ఫిబ్రవరి ఒకటి, జూలై-ఆగస్టు ఒకటి. జాబితాలో యూనివర్సిటీ పేరు కనిపించగానే సరిపోయిందనుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. నాలుగూ కలవాలి: యూనివర్సిటీ, సంవత్సరం, సెషన్, కోర్సు పేరు. బీకాంకు అనుమతి ఉండి ఎంబీఏకు లేకపోవచ్చు. పోయిన జూలైకి ఉండి ఈ జనవరికి రాకపోవచ్చు. ఆ పేజీని చేరిన రోజునే పీడీఎఫ్‌గా దాచుకోండి. ఐదారేళ్ల తర్వాత ఉద్యోగంలో సర్టిఫికెట్ పరిశీలనకు పిలిచినప్పుడు మీరు చేరిన సెషన్‌కు అనుమతి ఉందో లేదో చూస్తారు, పరిశీలన జరిగే రోజుటి జాబితా కాదు.

"మేం అడ్మిషన్ చేయిస్తాం, పరీక్ష మేం చూసుకుంటాం, పాస్ గ్యారంటీ" అనే కన్సల్టెన్సీలకు రూపాయి ఇవ్వకండి. యూజీసీ నిబంధనల్లో ఫ్రాంచైజీకి చోటు లేదు. ఫీజు యూనివర్సిటీ సొంత పోర్టల్‌లోనే కట్టాలి, రసీదు మీద యూనివర్సిటీ పేరే ఉండాలి.

గుర్తింపు తేలికగా తీసుకుంటే ఏమవుతుందో 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చూపించింది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు సరైన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలిచ్చాయి. 2001-05 మధ్య చేరినవాళ్ల డిగ్రీలను కోర్టు నిలిపివేసి, మళ్లీ పరీక్ష రాసి నెగ్గితేనే చెల్లుతాయంది. అప్పటికి వాళ్లు ఉద్యోగాల్లో పదేళ్లకు పైగా ఉన్నారు.

4. సాయంకాలం_బడి

దూరవిద్యలో అసలు లేని కోర్సుల పేర్లు కూడా ఇక్కడే రాసిపెడితే మంచిది. ఇంజినీరింగ్, వైద్యం, దంతవైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, న్యాయశాస్త్రం, వ్యవసాయం, హోటల్ మేనేజ్‌మెంట్ ఇవ్వరు. పీహెచ్‌డీ కూడా లేదు. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఆహార పోషక శాస్త్రం వంటివి కూడా ఆపేశారు. పాత వీడియోలు చూసి "దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ" అని వెతికేవాళ్లు ఇది గమనించాలి.

బీఈడీ ఉంది కానీ అందరికీ కాదు. ఇప్పటికే పనిలో ఉన్న శిక్షణ పొందిన ప్రాథమిక ఉపాధ్యాయులకు, లేదా జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తింపు ఉన్న ఉపాధ్యాయ శిక్షణ కోర్సును రెగ్యులర్‌గా చేసినవారికి మాత్రమే. మామూలు డిగ్రీ ఉన్నవాళ్లు నేరుగా చేరలేరు.

5. మెట్ట_పొలం

అప్లికేషన్ పెడుతుంటే డీఈబీ ఐడీ అడుగుతోంది. అదేంటి? ముందు ఏబీసీ ఐడీ కావాలంటోంది. అక్కడ పేరు సరిపోలడం లేదని ఆగిపోతోంది.

6. నల్లమల_నీడ

మెట్ట_పొలం గారూ, 2024-25 నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ చేరే ప్రతి విద్యార్థికీ డీఈబీ ఐడీ తప్పనిసరి. అది రావాలంటే ముందు ఏబీసీ ఐడీ ఉండాలి. ఏబీసీ అంటే మీరు పూర్తిచేసిన చదువుకు లెక్కగా వచ్చే క్రెడిట్లు జమయ్యే ఖాతా, 12 అంకెలు. డిజీలాకర్‌లో ఆధార్‌తో లాగిన్ అయి తీసుకోవాలి. ఆ సంఖ్యతో యూజీసీ డీఈబీ పోర్టల్‌లో నమోదైతే డీఈబీ ఐడీ వస్తుంది. ఒకసారి తీసుకుంటే జీవితాంతం అదే. దానికి ఫీజు లేదు, ఎవరైనా డబ్బులడిగితే మోసమే.

పేరు దగ్గర ఆగడం మన రెండు రాష్ట్రాల్లో బాగా ఎక్కువ. కారణం ఇంటిపేరు. పదో తరగతి మెమోలో "కె. వెంకట లక్ష్మి" అని ఉంటుంది. ఆధార్‌లో "కొత్తపల్లి వెంకటలక్ష్మి" అని ఇంటిపేరు పూర్తిగా పడి, వెంకట, లక్ష్మి కలిసిపోతాయి. పెళ్లయ్యాక ఆధార్ మార్పించుకున్నవాళ్లకు అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం అటూ ఇటూ అయినా యంత్రానికి వేరే మనిషే.

ఏది మార్చాలన్నది ముందు తేల్చుకోవాలి. మెమో మార్చడం చాలా కష్టం, ఆధార్ మార్చడం తేలిక. పైగా మీ డిగ్రీ కూడా మెమోలోని పేరుతో ఉంటేనే ముందుముందు ఇబ్బంది ఉండదు. అందుకని మెమో తీసుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లి, దాన్నే ఆధారంగా చూపించి, అందులో ఉన్నది ఉన్నట్టు పేరు మార్పించండి. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండు అవకాశాలే, పుట్టిన తేదీకి ఒక్కటే. కౌంటర్లో వాళ్లు టైపు చేశాక తెర మీద అక్షరం అక్షరం చదివి, ఖాళీలు సహా సరిచూసి, అప్పుడు సంతకం పెట్టండి. ఆధార్ మారాక డిజీలాకర్‌లోనూ కొత్త పేరే వచ్చిందో లేదో చూసుకున్నాకే ఏబీసీ ఐడీ తీసుకోవాలి. అడ్మిషన్ చివరి వారంలో ఈ పని పెట్టుకుంటే సెషన్ పోయినట్టే. చేరాలనుకున్న సెషన్‌కు రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

7. గోదారి_గట్టు

చాలా ఉపయోగం. మరి చదువు సంగతి? ఆదివారం క్లాసులకు వెళ్తే చాలంటారు కొందరు.

8. లెక్కల_పంతులు

చాలదు. ఆదివారం జరిగేది పాఠం కాదు, కౌన్సెలింగ్. మీరు చదివి వచ్చారనుకుని సందేహాలు తీరుస్తారు. చదవకుండా వెళ్తే అర్థం కాదు, రెండోసారి వెళ్లబుద్ధి కాదు.

గంటల లెక్క చెప్తాను, చేరకముందు ప్రతివారూ కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క ఇది. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఇందులో పుస్తకం చదవడం, వీడియోలు, కౌన్సెలింగ్, అసైన్‌మెంట్ రాయడం అన్నీ ఉన్నాయి. కొత్త విధానంలో ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1,200 గంటలు. 52 వారాలకు పంచితే వారానికి 23 గంటలు. ఉద్యోగం, ఇల్లు ఉన్న మనిషికి అది తేలిక కాదు.

రోజూ గంటన్నర, ఆదివారం ఇంకొంచెం చదివితే వారానికి 12 గంటలు వస్తాయి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, 3,600 గంటలు. 12 చొప్పున 300 వారాలు, ఆరేళ్లకు కాస్త తక్కువ. మూడేళ్ల డిగ్రీకి ఇగ్నో ఇచ్చే గరిష్ఠ గడువు కూడా ఆరేళ్లే, రెండేళ్ల పీజీకి నాలుగేళ్లు. కాబట్టి వారానికి 12 గంటలన్నది కింది హద్దు అనుకోండి. అంతకన్నా తగ్గితే, ఫెయిల్ కాకపోయినా గడువు అయిపోతుంది. అలా మిగిలిపోయినవాళ్లకు మళ్లీ ప్రవేశం అని ఒక దారి ఉంది కానీ దానికి వేరే ఫీజు, వేరే షరతులు.

మొదటి ఏడాది అన్ని పేపర్లూ ఒకే విడతలో రాయాలన్న పంతం వద్దు. ఇగ్నోలో పరీక్షలు ఏటా రెండు విడతలు కాబట్టి జూన్‌లో కొన్ని, డిసెంబరులో కొన్ని పెట్టుకోవడం చాలామందికి కుదురుతుంది.

9. కాకతీయ_తోరణం

నేను అసైన్‌మెంట్ల గురించి రాస్తాను. దూరవిద్యలో డిగ్రీ ఆగిపోయేది ఎక్కువగా పరీక్ష హాల్లో కాదు, ఇక్కడే.

ఇగ్నో లెక్కనే తీసుకుందాం. అక్కడ కోర్సు అంటే ఒక పేపరు, మొత్తం డిగ్రీని ప్రోగ్రాం అంటారు. ప్రతి కోర్సుకూ అసైన్‌మెంట్‌కు 30 శాతం, చివర రాసే టర్మ్ ఎండ్ పరీక్షకు 70 శాతం. డిగ్రీకి పాస్ మార్కు 35, పీజీకి 40. రెంటిలోనూ విడివిడిగా పాసవ్వాలి. ఉదాహరణకు బీఏ విద్యార్థికి అసైన్‌మెంట్‌లో నూటికి 80, పరీక్షలో నూటికి 50 వచ్చాయనుకోండి. 80లో 30 శాతం 24, 50లో 70 శాతం 35, మొత్తం 59. బాగానే ఉంది. ఇంకొకరికి అసైన్‌మెంట్‌లో 90, పరీక్షలో 30. కలిపితే 27, 21, మొత్తం 48. చూడ్డానికి పాసైనట్టే ఉంటుంది, కానీ పరీక్షలో 35 రాలేదు కాబట్టి ఆ కోర్సు పూర్తికాలేదు. పరీక్ష మళ్లీ రాయాలి, అసైన్‌మెంట్ మార్కులు మాత్రం అలాగే ఉంటాయి. ఇదే తిరగేసి, పరీక్షలో 70 వచ్చి అసైన్‌మెంట్ ఇవ్వకపోతే అదీ పూర్తికానట్టే. గ్రేడ్ కార్డులో ఆ వరస ఎదురుగా "పూర్తికాలేదు" అనే ఉంటుంది.

రాయడం ఎలాగంటే: గీతలున్న ఏ4 కాగితాలు, సొంత చేతిరాత. టైపు చేసి ఇవ్వకూడదు. ఒక్కో కోర్సుకు ఒక్కో కట్ట, అన్నీ కలిపి ఒకే ఫైలుగా కుట్టొద్దు. మొదటి పేజీ మీద ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య, పేరు, ప్రోగ్రాం కోడ్, కోర్సు కోడ్, అసైన్‌మెంట్ సంఖ్య, స్టడీ సెంటర్ కోడ్, తేదీ, సంతకం. ఎడమ పక్క దిద్దేవారికి మార్జిన్ వదలండి. ప్రశ్న రాసి దాని కింద జవాబు. ఒక్కో జవాబుకు ఎన్ని పదాలని ప్రశ్నపత్రంలోనే ఉంటుంది; 500 పదాలన్నచోట రెండు పేజీలు నింపితే చాలు, ఆరు పేజీలు రాస్తే మార్కులు పెరగవు.

చేసే తప్పులు చూడండి. పోయిన సంవత్సరం ప్రశ్నపత్రానికి జవాబులు రాసేస్తారు. ప్రశ్నలు ఏటా మారతాయి, ప్రశ్నపత్రం మీద ఏ సెషన్ వారికో అచ్చై ఉంటుంది, అది మీ అడ్మిషన్ సెషనేనా చూసుకోవాలి. కోర్సు కోడ్‌లో ఒక అంకె తప్పుపడితే మార్కులు ఎక్కడికి పోయాయో దొరకవు. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోరు. ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో తీసుకోరు. నెలన్నర దాటినా మార్కులు ఎక్కకపోతే ప్రాంతీయ కేంద్రానికి ఫిర్యాదు రాయాలి. అప్పుడు చేతిలో ఉండాల్సినవి ఆ రసీదు, ఆ ఫొటోలు. అవి లేకపోతే మళ్లీ రాసివ్వమంటే రాసివ్వాల్సిందే.

10. వెన్నెల_కుర్చీ

బజార్లో, టెలిగ్రాంలో రెడీమేడ్ జవాబులు దొరుకుతున్నాయి కదా. టైం లేనివాళ్లు వాటిని చూసి రాస్తే తప్పేముంది? చేతిరాత మనదే కదా.

11. కాకతీయ_తోరణం

తప్పుందండీ, నష్టం కూడా. ఒకే స్టడీ సెంటరులో ఒకే జవాబు, అదే ఉదాహరణ, అదే అచ్చుతప్పుతో ఇరవైమంది ఇస్తే దిద్దేవారికి రెండో కట్టలోనే తెలిసిపోతుంది. తిప్పిపంపే అధికారం వారికుంది. అది అలా ఉంచండి. రోజూ మాస్టారు ఎదురుగా లేని చదువులో, మీరు రాసింది ఒక మనిషి చదివి పక్కన నాలుగు మాటలు రాసే అవకాశం అసైన్‌మెంట్ ఒక్కటే. దాన్ని వదులుకుంటే ఇక మీ జవాబు ఎలా ఉందో పరీక్ష ఫలితం వచ్చేదాకా ఎవరూ చెప్పరు. దిద్దిన పత్రాలు స్టడీ సెంటరు నుంచి తిరిగి తీసుకోండి, చాలామంది అక్కడే వదిలేస్తారు.

12. వెన్నెల_కుర్చీ

అర్థమైంది. కానీ వారానికి 12 గంటలే ఉన్నవాళ్లకు ఐదు కోర్సుల అసైన్‌మెంట్లు చేత్తో రాయడమంటే నెల పోతుంది. ఆ బరువు తక్కువేం కాదు, అది కూడా ఒప్పుకోవాలి.

13. సాయంకాలం_బడి

ఒప్పుకుంటాను వెన్నెల_కుర్చీ గారూ. అందుకే యూనిట్ చదివేటప్పుడే ఆ యూనిట్ మీదొచ్చిన ప్రశ్నకు జవాబు రాసేయడం ఒక్కటే దారి. చివర్లో అన్నీ ఒకేసారి పెట్టుకుంటేనే నెల పోతుంది.

దానికి పుస్తకం ఎలా కట్టారో తెలియాలి. దూరవిద్య పుస్తకం మామూలు పాఠ్యపుస్తకం కాదు. కోర్సును బ్లాకులుగా, బ్లాకును యూనిట్లుగా విడగొడతారు. ఒక యూనిట్ ఒకటి రెండుసార్లు కూర్చుంటే అయ్యేలా ఉంటుంది. మొదట లక్ష్యాలు, తర్వాత ఉపోద్ఘాతం, విషయం, మధ్యమధ్య "మీ ప్రగతిని సరిచూసుకోండి" అని చిన్న ప్రశ్నలు, జవాబు రాయడానికి ఖాళీ గీతలు, చివర సారాంశం, ముఖ్య పదాలు, ఆ చిన్న ప్రశ్నలకు జవాబులు. "మీరు కిందటి యూనిట్‌లో చూశారు కదా" అన్నట్టు పాఠకుడితో మాట్లాడుతూ ఉంటుంది. ఇది కావాలని చేసిందే. పుస్తకమే విద్యార్థితో సంభాషించాలని హోమ్‌బెర్గ్ అనే విద్యావేత్త ప్రతిపాదించారు, దూరవిద్య పాఠాలన్నిటి వెనుకా ఆ ఆలోచన ఉంది. ఆ ఖాళీ గీతల్లో పెన్సిల్‌తో నిజంగా రాయాలి. గీతలు దాటేసి చదువుకుంటూ పోయేవాళ్లకు పుస్తకం సగమే అందుతుంది.

చదివే వరస ఇది. ముందు లక్ష్యాలు, వెంటనే చివరి సారాంశం. తర్వాత అసైన్‌మెంట్‌లో, కిందటి నాలుగైదు పరీక్షల ప్రశ్నపత్రాల్లో ఈ యూనిట్ నుంచి ఏమడిగారో యూనిట్ పైన పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. పాత ప్రశ్నపత్రాలు ఇగ్నో వెబ్‌సైట్లోనే ఉచితంగా ఉన్నాయి. ఆ తర్వాత యూనిట్ చదవాలి. అసైన్‌మెంట్ ప్రశ్న ఉంటే ఆ వారంలోనే చిత్తు రాసుకోవాలి. గుర్తులు పడని యూనిట్లను చదవొద్దని కాదు, కానీ టైం తక్కువగా ఉన్నప్పుడు ఏది ముందో తెలుస్తుంది.

14. మెట్ట_పొలం

పుస్తకాలు అచ్చువి తీసుకోవాలా, సాఫ్ట్ కాపీయా? సాఫ్ట్ కాపీకి ఫీజు తగ్గుతుందని రాసుంది.

15. సాయంకాలం_బడి

ఇగ్నోలో సాఫ్ట్ కాపీ ఎంచుకుంటే ప్రోగ్రాం ఫీజులో 15 శాతం తగ్గింపు ఉంది. అయినా నేను అచ్చు పుస్తకాలే తీసుకోమంటాను. మొదటి డిగ్రీ చేసేవాళ్లు ఫోన్ తెర మీద 180 గంటల కోర్సు చదవలేరు, ఖాళీ గీతల్లో రాయలేరు.

16. లెక్కల_పంతులు

నా మాట వేరు. అచ్చు పుస్తకాలు ఆలస్యంగా వస్తే అప్పటికి అసైన్‌మెంట్ గడువు మీదకొస్తుంది. ఈజ్ఞానకోశ్ అనే వెబ్‌సైట్లో ఇగ్నో పుస్తకాలు యూనిట్ల వారీగా ఉచితంగా ఉన్నాయి. చేరిన రోజునుంచే చదవొచ్చు. కావాల్సిన బ్లాకులు మాత్రం జిరాక్స్ షాపులో రెండు వైపులా ప్రింట్ తీయించి స్పైరల్ వేయించుకుంటే సరి. ఏది ఎంచుకున్నా పుస్తకాలు రాలేదని చదువు మొదలుపెట్టకుండా ఉండకండి.

తెలుగు మాధ్యమం కావాలంటే అంబేడ్కర్ యూనివర్సిటీ పుస్తకాలు చూడండి. చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం తెలుగులో శ్రద్ధగా రాయించారు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు డిగ్రీతో సంబంధం లేకుండా వాటిని కొనుక్కోవడం అందుకే. ఇగ్నోలో ఎక్కువ కోర్సులు ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి, మాధ్యమం సరిచూసుకుని చేరండి.

17. షార్జా_చెరువు

గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు దూరవిద్య డిగ్రీ చేస్తే ఇక్కడ చెల్లుతుందా?

18. నల్లమల_నీడ

షార్జా_చెరువు గారూ, రెండు ప్రశ్నలుగా విడగొట్టాలి. భారత్‌లో చెల్లుబాటు: యూజీసీ 2020 నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. పోటీ పరీక్షలకు, పై చదువులకు అదే వర్తిస్తుంది. విదేశంలో చెల్లుబాటు: ఆ దేశం నిర్ణయం. గల్ఫ్‌లో దూరవిద్య డిగ్రీని సమానంగా చూసే విషయంలో దేశానికో పద్ధతి ఉంది, కొన్నిచోట్ల ఒప్పుకోరు. సర్టిఫికెట్ మీద మన విదేశాంగ శాఖ అటెస్టేషన్ పడితే అది అసలు పత్రమేనని రుజువవుతుంది, అంతే. అక్కడ సమానత్వం దానంతట అది రాదు. మీ కంపెనీ హెచ్‌ఆర్‌ను, అక్కడి విద్యాశాఖను అడిగి, వీలైతే రాతపూర్వకంగా జవాబు తీసుకుని చేరండి. సెలవులో ఇంటికొచ్చి పరీక్ష రాయాలనుకుంటే మాత్రం జూన్, డిసెంబరు నెలలు చూసుకుని సెలవు పెట్టుకోవాలి. ల్యాబ్ ఉన్న బీఎస్సీ లాంటివి వద్దు. థియరీ కౌన్సెలింగ్‌కు రాకపోయినా నడుస్తుంది, ల్యాబ్ హాజరు తప్పనిసరి, అది వరసగా రోజుల తరబడి ఉంటుంది.

19. పసుపు_కొమ్ము

పదో తరగతి తప్పిన పిల్లల సంగతి కూడా చెప్పండి. మళ్లీ బడికి వెళ్లనంటున్నారు.

20. కాకతీయ_తోరణం

పసుపు_కొమ్ము గారూ, దానికి సార్వత్రిక పాఠశాలలున్నాయి. జాతీయ స్థాయిలో 1989లో పెట్టిన ఎన్‌ఐఓఎస్, రాష్ట్రాల్లో తెలంగాణ ఓపెన్ స్కూల్, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్. పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 33 శాతం వస్తే పాస్. పబ్లిక్ పరీక్షలు ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరుల్లో. ఒకసారి నమోదైతే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, ఒక్కో సబ్జెక్టూ పాసవుతూ పోవచ్చు. తప్పిన పిల్లలకు ఇదే పెద్ద ఊరట. గుర్తింపు ఉన్న బోర్డులో ఇదివరకు పాసైన సబ్జెక్టులు రెండింటి దాకా క్రెడిట్ బదిలీ చేయించుకోవచ్చు. ఆ మార్కుల మెమో అసలుది దాచిపెట్టండి. తెలుగు మాధ్యమంలో పది రాయొచ్చు.

ఇక్కడా అసైన్‌మెంట్లున్నాయి, 20 శాతం. పిల్లలు రాయరు, పెద్దవాళ్లకు తెలియదు. అడ్మిషన్ రోజునే ఆ గడువు అడిగి క్యాలెండర్ మీద రాసి గోడకు పెట్టండి.

21. గోదారి_గట్టు

రెగ్యులర్ డిగ్రీ చదువుతూ ఇంకొకటి దూరవిద్యలో చేయొచ్చా?

22. సాయంకాలం_బడి

చేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒప్పుకుంది. రెగ్యులర్ ఒకటి, దూరవిద్యగానీ ఆన్‌లైన్‌గానీ ఒకటి. లేదా దూరవిద్య, ఆన్‌లైన్‌లలోనే రెండు. పీహెచ్‌డీకి ఇది వర్తించదు. రెండింటి పరీక్షల తేదీలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవడం మీ పనే.

23. లెక్కల_పంతులు

చివరగా గడువుల గురించి. కొత్తవాళ్లు మూడు వేరు వేరు పనులను ఒకే పని అనుకుంటారు.

మొదటిది రీ-రిజిస్ట్రేషన్. రెండో ఏడాదికి, సెమిస్టర్ కోర్సయితే తర్వాతి సెమిస్టర్‌కు మళ్లీ ఫీజు కట్టి నమోదవ్వాలి. మొదటి ఏడాది పరీక్షలు రాయకపోయినా, తప్పినా కట్టొచ్చు. "పాసయ్యాక కడదాం" అనుకుంటే ఆ సెషన్ పోతుంది, గరిష్ఠ గడువులోంచి ఆ కాలం కూడా తరిగిపోతుంది. రెండోది అసైన్‌మెంట్. జూన్ పరీక్షకో, డిసెంబరు పరీక్షకో విడివిడిగా తేదీ ఉంటుంది. మూడోది పరీక్ష ఫారం. ఏ పేపర్లు రాస్తున్నారో ఎంచుకుని ఒక్కో థియరీ పేపర్‌కు 200 రూపాయల చొప్పున ఆన్‌లైన్‌లో కట్టాలి. గడువు దాటితే ఆలస్య రుసుమే వెయ్యికి పైన. రీ-రిజిస్ట్రేషన్ కట్టినంతమాత్రాన పరీక్షకు నమోదైనట్టు కాదు. హాల్ టికెట్ రాలేదని పరీక్షకు రెండు రోజుల ముందు వచ్చే ఫిర్యాదుల్లో చాలాభాగం పరీక్ష ఫారమే నింపనివి.

గడువులు పొడిగిస్తూ ఉంటారు కాబట్టి ఎలాగూ పొడిగిస్తారులే అని కూర్చోకండి. ఆఖరి రోజున పోర్టల్ నెమ్మదిస్తుంది, ఖాతాలో డబ్బు తెగి రసీదు రాదు. అలా జరిగితే వెంటనే రెండోసారి కట్టొద్దు. లావాదేవీ సంఖ్య రాసుకుని, మర్నాడు పోర్టల్‌లో చెల్లింపు స్థితి చూసి, అప్పటికీ ఎక్కకపోతేనే మళ్లీ కట్టాలి. ఇది చేయాలంటే చేతిలో కనీసం మూడు నాలుగు రోజులుండాలి కదా.

పరీక్షా కేంద్రం ఎంచుకునేటప్పుడు బస్సు సౌకర్యం చూడండి. పేపర్లు ఉదయం, మధ్యాహ్నం రెండు పూటలా ఉంటాయి. ఒకే రోజు మీ పేపర్లు రెండు పడుతున్నాయేమో ఫారం నింపేముందే టైంటేబుల్‌తో సరిచూసుకోండి.

24. మెట్ట_పొలం

ఆధార్ కేంద్రానికి పదో తరగతి మెమోతో రేపు వెళ్తున్నానండీ. మెమో అసలుదే కావాలా, జిరాక్స్ చాలా?

25. నల్లమల_నీడ

అసలుది తీసుకెళ్లండి. అక్కడే స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తారు. నమోదు రసీదు మీదుండే సంఖ్య జాగ్రత్త, మార్పు ఎంతవరకు వచ్చిందో దాంతోనే చూసుకోవాలి.